ఇంకో మూరెడు లోతు

స్తంభం ఇంకా లారీ దిగకముందే ఆవిడ కళ్ళముందు అది పడిపోయింది. ఒకసారి కాదు. ముందు వంటింటి రేకుల మీద పడింది, తర్వాత గేటు మీద పడింది, చివరికి ముందుగది కిటికీలోంచి దూరి అత్తగారి మంచం మీద పడింది. అక్కడికొచ్చేసరికి చేతిలో చీపురు వదిలేసి, "మెల్లిగా దించండి నాయనా, మెల్లిగా!" అని కేక పెట్టింది.

"ఇంకా తాళ్ళే విప్పలేదమ్మా," అన్నాడు లారీ మీదున్న మేస్త్రీ.

అసలీ స్తంభం గొడవంతా పక్కింటాయన తెచ్చిపెట్టాడు. వీధిలో ఉన్న కరెంటు స్తంభం నుంచి వీళ్ళింటికొచ్చే తీగ ఎప్పట్నుంచో ఆయన డాబా మీదుగానే వస్తోంది. ఇప్పుడాయన పైన ఇంకో అంతస్తు వేస్తున్నాడు. "ఇంకో అయిదు రోజుల్లో స్లాబు పోస్తున్నాం. ఈలోగా మీ తీగ తీయించుకోండి, లేకపోతే నేనే తీయించేస్తా," అని గోడ మీంచి చెప్పేసి తన పని చూసుకున్నాడు. కరెంటాఫీసుకి వెళ్తే, మీ ఆవరణలో మీరే సొంతంగా స్తంభం పాతించుకోండి, వీధి దాటించి కొత్త తీగ లాగిస్తాం అన్నారు.

మామూలు కొంప అయితే నాలుగు రోజులు దీపం లేకపోయినా నెట్టుకొచ్చేవాళ్ళు. ఈ ఇంట్లో అత్తగారి ఊపిరి కరెంటు మీద నడుస్తోంది. మంచం పక్కన ఒక మిషను గుర్రుగుర్రుమంటూ ఉంటుంది. దాన్నుంచి సన్నటి గొట్టం ఆవిడ ముక్కుదాకా వస్తుంది. కరెంటు పోతే పెట్టడానికి చిన్న సిలిండరు ఉంది గానీ, అది ఒక పూట గండం గట్టెక్కిస్తుంది, అంతే. ఎల్లుండిలోగా కొత్త తీగ పడకపోతే ముసలావిణ్ణి ఆసుపత్రిలో పడెయ్యాలి. పోయినసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడే ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుని, "ఇంకోసారి నన్నిక్కడికి తెచ్చావంటే నీతో మాట్లాడను," అని చెప్పింది.

"ఏమే, వచ్చిందా స్తంభం?" అని లోపల్నుంచి అడిగింది అత్తగారు.

"వచ్చింది అత్తయ్యా. మీరు కిటికీవైపు తిరిగి పడుకోకండి."

"తిరక్కపోతే పడదా?"

స్తంభం ఎక్కడ పాతాలో నిన్ననే మేస్త్రీ గేటు పక్కన మేకు కొట్టి వెళ్ళాడు. రాత్రంతా ఆలోచించి పొద్దున్నే ఆవిడ ఆ మేకు పీకి గోడ మూలకి కొట్టింది. అక్కడైతే బట్టలు ఆరేసే తీగకి దగ్గరని, తడిబట్టల్లోంచి షాకు కొడుతుందని మళ్ళీ పీకి నీళ్ళ తొట్టి దగ్గర కొట్టింది. నీళ్ళ దగ్గర కరెంటేమిటని అక్కడా ఉంచలేదు. మేస్త్రీ వచ్చి చూసేసరికి మేకు ఆవిడ చేతిలో ఉంది.

"అమ్మా, అది ఇలా ఇవ్వండి," అన్నాడు చెయ్యి చాపి. మేకు తీసుకుని మొదటి చోటే కొట్టాడు. "స్తంభం ఎక్కడున్నా స్తంభమే. మీరు లోపలికెళ్ళి కూర్చోండి."

"ఎలా కూర్చుంటాను? గాలివాన వస్తే?"

"అమ్మా, నువ్వు లోపలికెళ్తావా, నన్ను వెళ్ళిపొమ్మంటావా?" అంది కూతురు తల పట్టుకుని. ఆఫీసుకి సెలవు పెట్టి మరీ ఇంట్లో ఉన్నది స్తంభం కోసమో, తల్లి కోసమో ఆ పిల్లకే తెలియడం లేదు. వీధిలో వాళ్ళంతా ఈవిణ్ణి 'అయ్యో పిన్ని' అంటారు. నోరు తెరిస్తే ముందు అయ్యో వస్తుంది, తర్వాతే మాట.

ఇనప స్తంభం దించి నేల మీద పడుకోబెట్టారు. మేస్త్రీ టేపు పెట్టి కొలిచి, అడుగువైపు ఒకచోట చుట్టూ ఎర్రరంగుతో గీత గీశాడు. గుంత తవ్వే ఇద్దర్నీ పిలిచి, "ఇదిగో, ఈ గీత నేలకి సమానంగా రావాలి. పైకుండకూడదు, కిందికి పోకూడదు. నేను తీగ బిగించే క్లాంపులు తెస్తాను, ఈలోగా తవ్వి, నిలబెట్టి, కాంక్రీటు పోసెయ్యండి. సాయంత్రం కరెంటాఫీసు నుంచి ఆఫీసరుగారు చూడ్డానికొస్తారు," అని స్కూటరెక్కి పోయాడు.

కూతురు ఫోను పట్టుకుని మేడ మెట్లెక్కింది. ఆవిడ గుంత ఒడ్డున పీట వేసుకుని కూర్చుంది.

పడుకోబెట్టిన స్తంభం పొడుగు ఒకసారి చూసింది. ఎర్రగీతకింద ఉన్న ముక్క చూసింది. ఇంత పొడుగు గాలిలో, ఆ కాస్త మట్టిలో. ఇదెక్కడి లెక్క? పెరట్లో బొప్పాయి మొక్క లోతు చాలకే కదా పోయినేడు ఒరిగిపోయింది.

"బాబూ, ఇంకో మూరెడు తవ్వు," అంది.

తవ్వేవాడు గడ్డపార ఆపి చూశాడు. "మేస్త్రీ ఇంతే అన్నాడు కదమ్మా."

"ఆ కిటికీ వెనక పడుకున్నది మేస్త్రీ వాళ్ళమ్మా? మా అత్తగారు! ఇంకో మూరెడు తవ్వితే నీ సొమ్మేం పోయింది?"

తవ్వాడు. ఆవిడ లోపలికెళ్ళి అత్తగారి గొట్టం సరిచేసి, తిరిగొచ్చి గుంతలోకి తొంగిచూసింది. మట్టి మెత్తగా కనిపించింది. "ఇక్కడ నేల వదులుగా ఉంది నాయనా. ఇంకో మూరెడు."

"అమ్మా, ఈ గుంత స్తంభానికా, బావికా?" అన్నాడు రెండోవాడు.

అయినా తవ్వారు. ఆవిడ ముఖంలో ఆ భయం చూస్తే ఎవరికైనా కాదనబుద్ధి కాదు. స్తంభం నిలబెట్టి గుంతలోకి దించితే ఎర్రగీత వాళ్ళ కళ్ళముందే మట్టిలోకి దిగిపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆవిడకి మాత్రం ఆ రోజు మొదటిసారి గుండెలనిండా ఊపిరి అందింది. కాంక్రీటు పోస్తుంటే దగ్గరుండి, "అటువైపు కూడా, అటువైపు కూడా," అని చెప్పి పోయించింది.

మేస్త్రీ, ఆఫీసరూ ఒకేసారి వచ్చారు. సాయంత్రం రావలసిన ఆఫీసరు దారిలో ఇల్లే కదా అని ముందే వచ్చేశాడు. మేస్త్రీ గేటు దాటి రెండడుగులేసి ఆగిపోయాడు. స్తంభం పైకి చూశాడు, కిందికి చూశాడు, చుట్టూ తిరిగాడు.

"నా గీతేదిరా?"

తవ్వేవాళ్ళిద్దరూ ఆవిడకేసి చూశారు.

"నేనే కాస్త లోతుగా వెయ్యమన్నాను," అంది ఆవిడ. "పడకుండా."

ఆఫీసరు కొలిచే మడత కర్ర తెరిచి, స్తంభం పైన తీగ తగిలించే కొక్కెందాకా పెట్టి చూశాడు. పెదవి విరిచాడు. "చాలదండీ. తీగ ఇక్కణ్ణుంచి వీధి దాటాలి, మధ్యలో కాస్త వేలాడుతుంది కూడా. లోడు లారీ ఒకటి వచ్చిందంటే తీగని తగిలించుకుని ఈడ్చుకుపోతుంది."

"ఈడ్చుకుపోతే?" అంది ఆవిడ.

"తీగతోపాటు ఈ స్తంభమూ, మీ మీటరూ..."

మిగతాది ఆవిడకి ఆయన చెప్పక్కర్లేదు. లారీ, తీగ, స్తంభం, కిటికీ, మంచం, అన్నీ వరసగా కదిలాయి. పొద్దుట్నుంచీ దేన్ని ఆపుదామని తాపత్రయపడిందో దాన్ని తనే గుంత తవ్వించి పాతిపెట్టింది.

"అమ్మా!" అంది మెట్లు దిగుతూ కూతురు. ఆ ఒక్క మాటలోనే అంతా అనేసింది.

"ఇవాళ సరిచేస్తే రేపు లైన్‌మన్‌ని పంపుతాను," అన్నాడు ఆఫీసరు కర్ర మడుస్తూ. "లేకపోతే మళ్ళీ నేనిటు వచ్చేది వచ్చేవారమే."

ఆయన వెళ్ళాక మేస్త్రీ తలపాగా తీసి నేలకేసి కొట్టాడు. "పని ఆపించడానికి అడ్డుపడేవాళ్ళని చూశాను గానీ, ఎక్కువ చేయించి అడ్డుపడింది మీరొక్కరే అమ్మా!"

"పీకెయ్యొచ్చా?" అని అడిగింది ఆవిడ. గొడవ పెట్టుకునే ఓపిక లేదు.

మేస్త్రీ కాంక్రీటులో వేలు పెట్టి చూశాడు. ఇంకా పచ్చిగానే ఉంది. "పీకక్కర్లేదు. ఎత్తి పట్టుకుంటే కింద రాళ్ళు పేర్చొచ్చు. కానీ ఎత్తినప్పుడు ఊగుతుంది. తాళ్ళు మూడువైపులా పట్టాలి. వీళ్ళిద్దరూ రెండు. నేను కప్పీ దగ్గరుండాలి. రాళ్ళు మీ అమ్మాయి వేస్తుంది. మూడో తాడుకి మనిషి లేడు."

"ఏవైపు తాడు?"

"కిటికీవైపు పడకుండా వెనక్కి లాగే తాడు."

"అది నాకివ్వండి."

"మీరా? మీరు కళ్ళు మూసుకుంటారమ్మా."

"మూసుకుంటే నా కళ్ళే కదా, చేతులు కాదు కదా."

మూడు పైపుల ముక్కాలి నిలబెట్టి, కప్పీకి గొలుసు తగిలించారు. స్తంభం పైభాగానికి కట్టిన మూడో తాడు ఆవిడ నడుం చుట్టూ తిప్పుకుని, మడమలు నేలలో తన్నిపెట్టి నిలబడింది. గొలుసు కిర్రుకిర్రుమంది. స్తంభం పచ్చి కాంక్రీటులోంచి చప్పుడు చేస్తూ పైకి కదిలి, ఒక్కసారి కిటికీవైపు ఒరిగింది. ఆవిడ కళ్ళు మూసుకోలేదు. "అయ్యో" అనలేదు. పళ్ళు బిగించి లాగింది. అరచేతులు మండిపోతున్నా లాగింది.

"ఎర్రగీత కనపడుతోంది!" అని అరిచింది కూతురు గుంత దగ్గర్నుంచి.

రాళ్ళు పేర్చారు, మళ్ళీ కాంక్రీటు పోశారు, తాళ్ళు మేకులకి కట్టారు.

"ఇంక వదిలెయ్యండమ్మా," అన్నాడు మేస్త్రీ.

"గట్టిపడిందా?"

"రేపటికి గట్టిపడుతుంది."

"అయితే రేపు వదుల్తాను."

మేస్త్రీ నవ్వలేక, తిట్టలేక, ఆవిడ చేతుల్లోంచి తాడు తనే విడిపించి మేకుకి కట్టాడు.

మర్నాడు లైన్‌మన్ వచ్చి, పాత తీగ కోసే ముందు లోపలికి కేకేసి చెప్పాడు. మిషను కీచుమని ఆగిపోయింది. ఎప్పుడూ ఉండే ఆ గుర్రు లేకపోయేసరికి ఇల్లంతా బోసిగా అయిపోయింది. కూతురు సిలిండరు తిప్పి గొట్టం మార్చి, పని చూడ్డానికి బయటికెళ్ళింది. ఆవిడ మంచం పక్కన కూర్చుని సిలిండరు ముల్లు మీంచి చూపు తిప్పలేదు.

"పొయ్యి మీద పాలు చూసినట్టు చూస్తావేమే," అంది అత్తగారు.

"మాట్లాడకండి అత్తయ్యా, గాలి అయిపోతుంది."

అత్తగారు కళ్ళు మూసుకుంది. బయట లైన్‌మన్ నిచ్చెన మీంచి ఏదో అడుగుతున్నాడు, మేస్త్రీ ఏదో అందిస్తున్నాడు, తీగ ఎక్కడో చిక్కుపడిందంటున్నారు. ముల్లు సగం దాటింది. ఆవిడ లేచి కిటికీదాకా వెళ్ళి, "ఎంతసేపు నాయనా!" అని అరిచి, మళ్ళీ వచ్చి కూర్చుంది. మళ్ళీ లేచింది. మంచం మీద ముసలావిడ కదలడం లేదు. ముల్లు ఇంకా కిందికి జారింది.

ఉన్నట్టుండి మిషను పైన ఆకుపచ్చ దీపం వెలిగింది. కీచుమంది, గుర్రుమంది.

"వచ్చిందమ్మా!" అని కేకేసింది కూతురు బయట్నుంచి.

ఆవిడ గొట్టం మళ్ళీ మిషనుకి తగిలించింది. అత్తగారు కళ్ళు తెరవలేదు. ముసలావిడ ముఖం మీదికి కోడలు వంగింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. తెలియలేదు. ఛాతీ మీద చెవి ఆనించింది. మిషను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"అత్తయ్యా! అత్తయ్యా!" అని భుజం పట్టుకుని కుదిపేసింది. "ఊపిరాడుతోందా?"

ముసలావిడ ఒక కన్ను తెరిచింది.

"నువ్వు నా మీంచి లేస్తే ఆడుతుంది."