కొత్త పలక

తమ్ముడు పోయిన రోజు నేను ఏడో తరగతికి డిక్టేషన్ చెబుతున్నాను. ఒక వాక్యం సగంలో ఉండగా ఆఫీసు గుమాస్తా గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ నేరుగా లోపలికి వచ్చి, బల్ల మీద కాగితం పెట్టి, పిల్లల్ని ఒకసారి ఉరిమి చూసి వెళ్ళే మనిషి. ఆ రోజు బయటే ఆగిపోయాడు. నేను మిగిలిన సగం వాక్యం చెప్పాను. పిల్లలు రాయడం అయ్యేదాకా ఆగి, అప్పుడు వెళ్ళాను. ఆయన ముఖం చూసినప్పుడే ఏదో తెలిసి ఆలస్యం చేశానేమో.

ఏటి వంతెన కింద, రాళ్ళ దగ్గర తమ్ముడి పడవ బోర్లా పడి దొరికింది. తమ్ముడు ఇంకొంచెం దిగువన దొరికాడు. పోలీసులు వచ్చి, ప్రమాదం అని రాసుకుని వెళ్ళారు. పడవను ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. దాన్ని కట్టిన షాపు ఆ ఒడ్డునే ఉంది కాబట్టి వాళ్ళే తాడు వేసి లాక్కెళ్ళారు. ఆ రోజు నేను దాని వైపు చూడను కూడా లేదు.

అది తమ్ముడి కొలతలతో కట్టిన పడవ. వాడి ఎడమకాలు చిన్నప్పటి నుంచీ కొంచెం పొట్టి. మామూలు పడవలో తెడ్లు వేస్తే ఒంటికాలి మీదే బరువంతా పడి నడుము పట్టేసేది. షాపు మేస్త్రి వాణ్ణి ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి రెండు కర్రలిచ్చి, తెడ్లు వేస్తున్నట్టు లాగమని, మోకాళ్ళ దగ్గరా పిక్కల దగ్గరా టేపు పెట్టి కొలిచాడు. నేను పక్కనే ఉన్నాను.

"పెళ్ళికి కూడా ఇన్ని కొలతలివ్వలేదన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

"సూటు బిగుతైతే గుండీ తెంపుకోవచ్చు బాబూ," అన్నాడు మేస్త్రి, నోట్లో పెన్సిలు తీయకుండానే. "పడవ బిగుతైతే నీళ్ళ మధ్యలో ఏం తెంపుకుంటావ్?"

పాదాలు తన్నిపెట్టుకోవడానికి ఎడమకాలికి దగ్గరగా ఒక అడ్డపట్టె, కుడికాలికి దూరంగా ఇంకొకటి. ఆ పడవలో వాడు కూర్చుంటే కాలి సంగతి ఎవరికీ తెలిసేది కాదు. పంపుహౌసు ఉద్యోగంలో సెలవు దొరికినప్పుడల్లా వాడు నీళ్ళ మీదో, ఆ షాపులోనో ఉండేవాడు.

అంతా అయిపోయి, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, ఒక సాయంత్రం మరదలు నా ఎదురుగా వచ్చి కూర్చుంది. మేము ఒకే ఇంట్లో ఉంటాం, వాళ్ళది ముందువైపు వాటా, నాది వెనకవైపు. నేను పెళ్ళి చేసుకోలేదు కాబట్టి భోజనం మాత్రం ముగ్గురికీ ఒకటే.

"మిమ్మల్ని ఒకటి అడగాలి బావగారూ."

"అడుగమ్మా."

"పడవలో ముందువైపు, కుడిపక్కన చెమ్మ కనబడిందండీ. కొన్నాళ్ళ ముందు. గుడ్డతో తుడిస్తే మళ్ళీ వచ్చింది. నేనే చూసి చెప్పాను. మేస్త్రికి చూపిస్తానన్నారు."

"చూపించలేదా?"

"ఆ పొద్దున్న చూపించడానికే బయల్దేరారు. నేనే ఆపాను." ఆమె చీర కొంగు అంచును వేళ్ళతో సరిచేసుకుంటూ ఉంది. "ఆ షాపులో కాలు పెట్టారంటే ఇక వాళ్ళ కబుర్లు తెమలవు కదా. ఇవాళ ఒక్కరోజు అటు పోకండి, ఏటి మీద ఓ చుట్టు తిరిగి తొందరగా వచ్చెయ్యండి, రేపు చూపిద్దురుగాని అన్నాను. సరే మహారాణీ అన్నారు."

ఆమె కొంగు వదిలేసి తలెత్తింది.

"ఆ చెమ్మ ఉన్నచోటే పలకల మధ్య సందు విచ్చుకుని నీళ్ళొచ్చాయా, లేకపోతే ఏదైనా తగిలి పలక విరిగిందా? ఏదో ఒకటి కనుక్కుని చెప్పండి. పడవ చూస్తే మేస్త్రిగారికి తెలుస్తుంది."

"తెలుసుకుని ఏం చేస్తావమ్మా?"

"ఏమీ చెయ్యను. చూపించకుండా ఆపిందీ నేనే, ఏటి మీదికి పంపిందీ నేనే. ఇప్పుడు రెండూ మోస్తున్నాను బావగారూ. ఒకటి దింపుకుంటాను."

మర్నాడు బడి వదిలాక నేరుగా షాపుకు వెళ్ళాను.

అది పొడవాటి రేకుల షెడ్డు. నది వైపు గోడ లేదు. ఒక పక్క కొత్త పడవలు కడతారు, ఇంకో పక్క పాతవి బాగుచేస్తారు. కింద ఎప్పుడూ చిత్రిక పట్టిన చెక్క చుట్టలు చుట్టలుగా పడి ఉంటుంది. నేను వెళ్ళేసరికి ఒక మోటారు పడవ కింద నుంచి రెండు కాళ్ళు బయటకు కనబడుతున్నాయి.

"ఎవరండీ అది, వెలుగుకి అడ్డం?" అన్నాయి కాళ్ళు.

"ఒరే పొడుగూ, మాస్టారురా," అంది పెద్దమ్మ. ఆమె మేస్త్రికి పెద్దమ్మ, అందువల్ల షాపుకంతటికీ పెద్దమ్మ. రంగులూ వార్నిషూ ఆమె పని. "లేచి స్టూలు తుడువు. నువ్వు తుడిచే గుడ్డతో కాదు, శుభ్రమైన గుడ్డతో."

పొడుగు పడవ కింద నుంచి జరిగి జరిగి బయటకు వచ్చాడు. లేచి నిలబడేసరికి తల రేకుకు తగిలినంత పనైంది. నన్ను చూసి నమస్కారం పెట్టి, స్టూలు రెండుసార్లు తుడిచాడు. మేస్త్రి లోపలి నుంచి వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని షెడ్డు మధ్యకు తీసుకెళ్ళాడు.

తమ్ముడి పడవ రెండు దిమ్మెల మీద ఉంది. మెరుస్తోంది. గీతలు లేవు, మట్టి లేదు, ఎక్కడా విరిగిన గుర్తు లేదు. కుడివైపు ముందుభాగంలో ఒక్క పలక మాత్రం మిగతావాటికన్నా కొంచెం లేత రంగులో ఉంది.

"మీరొచ్చేలోపల అయిపోవాలని వేరే పనులన్నీ పక్కన పెట్టేశామండీ," అన్నాడు మేస్త్రి. "విరిగిన పడవని మీకు చూపించడానికి మనసొప్పలేదు. డబ్బు మాట ఎత్తారంటే నామీద ఒట్టే."

"బాగుంది," అన్నాను. పిల్లలు తప్పు లెక్క తెచ్చి చూపించినా నా నోటి నుంచి ముందు వచ్చే మాట అదే.

"వార్నిష్ మూడుసార్లు పూశాను నాయనా," అంది పెద్దమ్మ. "ఆ ముక్కొక్కటీ ఇంకా రంగు కలవలేదు. ఎండ తగిలితే కలిసిపోతుంది. ఏది కొత్తదో మాకూ తెలియదు అప్పుడు."

"పాత పలక ఎక్కడుందండీ?"

మేస్త్రి పొడుగు వైపు చూశాడు. పొడుగు షెడ్డు మూలనున్న పొయ్యి వైపు చూశాడు.

ఆ పొయ్యి సంగతి నాకు తమ్ముడి ద్వారా తెలుసు. దాని మీద నీళ్ళ డ్రమ్ము, డ్రమ్ము నుంచి గొట్టం, గొట్టం చివర మనిషికన్నా పొడవైన చెక్కపెట్టె. కొత్త పలకను ఆ పెట్టెలో పెట్టి ఆవిరి పట్టిస్తే మెత్తబడుతుంది. తీసీ తీయగానే ఇద్దరు ముగ్గురు పరుగెత్తుకొచ్చి పడవకు ఆనించి, వంచి, బిగించేస్తారు. చల్లారాక ఆ వంపు అలాగే నిలిచిపోతుంది. ఆ పొయ్యికి వాళ్ళు ఎప్పుడూ కట్టెలు కొనలేదు. పాత పడవ నుంచి ఊడదీసిన చెక్కే దానికి మేత.

"పొయ్యిలో పెట్టేశామండీ," అన్నాడు పొడుగు. "ఎప్పుడూ అంతేకదండీ. తడిగా ఉందని ముందు ఎండబెట్టి మరీ..."

"దాని మంటతోనే ఈ కొత్తదాన్ని వంచారా?"

పెద్దమ్మ టీ పోయడానికి లేచింది.

నేను మరదలు అడిగిన సంగతి అప్పటికి చెప్పలేదు. పలక ఎలా విరిగిందని మాత్రం అడిగాను.

"లోపలికి విరిగింది మాస్టారూ," అన్నాడు మేస్త్రి వెంటనే. "ఏ దుంగో కొట్టుకొచ్చి తగిలుంటుంది. మనిషి చేసేది ఏముంది అందులో? చెల్లెమ్మకి అదే చెప్పండి."

ఆ ఒక్క మాట తీసుకుని లేచి ఇంటికి వెళ్ళిపోయి ఉండవచ్చు. కానీ ఆమె వివరంగా అడుగుతుందని, నేను వివరంగా చెప్పాలని, చెమ్మ సంగతి ఎత్తాను. ముందువైపు, కుడిపక్కన, తుడిస్తే మళ్ళీ వచ్చిందట అని.

మేస్త్రి చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఎప్పుడు?"

"కొన్నాళ్ళ ముందు. మీకు చూపించాలనుకున్నాడు."

"నాకు చెప్పలేదే." కొత్త పలక వైపు చూసి, మళ్ళీ తల తిప్పుకున్నాడు. "ఒరే, ఊడదీసింది నువ్వు కదా. సందు దగ్గర ఎలా ఉంది?"

"నన్ను చూడనిచ్చావా అన్నా?" అన్నాడు పొడుగు. "చుట్టూ రంపం పెట్టి కోసెయ్యమన్నావు. కోసి తీశాక గోడవైపు తిప్పి పెట్టమన్నావు. ఎండేదాకా అలాగే ఉంది. నేను పొయ్యిలో వేస్తుంటే నువ్వు అటు తిరిగి కూర్చున్నావు."

"నీకు మాట్లాడటం ఎక్కువైందిరా," అంది పెద్దమ్మ.

"నేనేమన్నాను పెద్దమ్మా? అడిగితే చెప్పాను."

"చూస్తే తెలిసేదా?" అని అడిగాను.

మేస్త్రి తన అరచేతులు చూసుకున్నాడు. "తెలిసేది. నీళ్ళు మెల్లగా కారే సందు దగ్గర చెక్క లోపలిదాకా నల్లబడిపోతుంది. ఏదైనా తగిలి విరిగితే విరిగినచోట తెల్లగా ఉంటుంది. అదేం పెద్ద విద్య కాదు. మీకు చూపిస్తే మీకూ తెలిసేది."

"మరి లోపలికి విరిగిందన్నారు."

"అలా అయ్యుంటుందని అనుకున్నాను. అనుకుని అనుకుని చూసినట్టే అయిపోయింది." గొంతు తగ్గించాడు. "కట్టింది నేను కదా మాస్టారూ. నీళ్ళు రాకుండా ఆ సందులో నార దట్టించింది ఈ చేతులే. వాడొచ్చి ఇక్కడే కూర్చుని వెధవ జోకులన్నీ వేసేవాడు. నల్లగా కనబడితే నేనేమైపోవాలి? అందుకే చూడలేదు. పొయ్యిలో పడేదాకా నిద్ర పట్టలేదు."

గోడకు చేరేసిన ఆ పలక అన్నాళ్ళూ అక్కడే ఉంది. నేను బడికి వెళ్తూ వస్తూ ఆ వీధి చివర నుంచే నడిచాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక టీ తాగాను. వాళ్ళు మాకు మంచి చేద్దామనే చేశారు. పడవ నిజంగా బాగుంది.

"తగిలి విరిగిందనే చెప్పు నాయనా," అంది పెద్దమ్మ. "చెక్కకి నోరుందా, వచ్చి కాదంటుందా? ఆ పిల్ల బతకాలి."

"నేను చూశానని చెప్పండి," అన్నాడు మేస్త్రి. "ఆవిడొచ్చి అడిగినా అదే చెప్తాను." ఆ మాట అంటున్నప్పుడు అతను నా వైపు చూడలేదు. ఆమె వచ్చి అడిగితే ఆమె వైపూ చూడలేడు. అబద్ధమని పట్టేయడానికి మరదలికి అది చాలు. అప్పుడు ఆమెకు చెమ్మ ఒక్కటే మిగులుతుంది, అది నిజం కాకపోయినా.

చూడలేదట, తెలియదట అని చెప్పవచ్చు. అప్పుడు రెండూ ఆమె దగ్గరే ఉంటాయి, ఇక ఎప్పటికీ. నేను పిల్లలకు ఏ ప్రశ్నకైనా తెలిస్తే తెలిసినంత రాయండి, తెలియకపోతే ఖాళీ వదలండి అని చెప్పే మనిషిని. ఆ షాపులో కూర్చుని నా సలహా నాకే పనికిరాలేదు.

"పడవ ఎప్పుడు పంపమంటారు?" అన్నాడు మేస్త్రి, నేను లేస్తుంటే.

"దాన్ని ఎవరు నడుపుతారు?"

"అదే అన్నా," అన్నాడు పొడుగు. "నీళ్ళలో దింపి చూద్దామని కూర్చున్నాను మొన్న. మోకాలు గడ్డానికి తగిలింది. ఎడమపట్టె ఎవడికి సరిపోతుంది?" అని, నా ముఖం చూసి ఆగిపోయాడు. "తప్పుగా అనలేదండీ."

"లేదు, సరిగ్గానే చెప్పావు," అన్నాను.

ఇంటికి వచ్చేసరికి మరదలు వీధి గుమ్మంలోనే ఉంది. నా చెప్పులకు అంటుకున్న చెక్క చుట్టలు చూసింది.

"షాపుకెళ్ళొచ్చారా?"

"వెళ్ళానమ్మా. పడవ బాగుచేశారు. కొత్త పలక వేశారు."

"పాతదాన్ని చూశారా?"

"కాళ్ళు కడుక్కుని వస్తాను," అని పెరట్లో కుళాయి దగ్గరకు వెళ్ళాను. కావలసినదానికన్నా ఎక్కువసేపు కడుక్కున్నాను. తిరిగి వచ్చేసరికి ఆమె కంచం పెట్టి, వడ్డించి, తన గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

ఆ తర్వాత ఆమె అడగలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి రోజూ ముందువాకిట్లో ఉంటుంది. నా చేతిలో సంచి అందుకుని, ఒక్క క్షణం అలాగే నిలబడుతుంది. నేను ఎండ గురించో, పరీక్షల గురించో ఏదో అంటాను. ఆమె ఊఁ అంటుంది. సంచి లోపల పెడుతుంది.

మేస్త్రి ఒకసారి బడికి కబురు పంపాడు, పడవ షెడ్డులో చోటు ఆక్రమిస్తోందని కాదు, ఎప్పుడైనా రమ్మని. నేను వెళ్ళలేదు. పడవ ఇంకా అక్కడే ఉంది. మరదలు అడిగినదానికి నేను ఇంకా జవాబు చెప్పలేదు.