అంచులో పేరు

నగరి దగ్గరి చేనేత వీధిలో తెల్లవారగానే మొదట వినిపించేది వరదమ్మ మగ్గమే. కాఫీ తాగి, కొప్పు బిగించి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుందంటే మధ్యాహ్నం సంగటి వేళ దాకా లేవదు. ఆమె నేసిన ప్రతి చీర అంచులోనూ ఒక చోట 'ఏకాంబరం' అని ఉంటుంది. ఆమె నేయదు, అదే వస్తుంది. ఏకాంబరం ఆమె మొగుడు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తరుగుతుందని, కాపురానికొచ్చిన రోజే అత్తగారు చెప్పింది. నోటికి రాకూడని పేరు చేతుల్లోంచి దిగి అంచులో కూర్చుంది. చీరలు కొనే బాలసుబ్రమణ్యం, పేరు కుచ్చిళ్ళ లోపలికి పోయేట్టు చూడమ్మా అంటాడు తప్ప ఇంకేమీ అనడు. ఎవరైనా మొగుడి పేరడిగితే ఆమె నవ్వి మగ్గం మీది అంచు చూపిస్తుంది.

రేషన్ కార్డుల కోసం ఇంటింటి లెక్క రాసే మనిషి వచ్చిన రోజు మాత్రం చూపించడానికి అంచే లేదు. ఆ ఉదయమే కొత్త పడుగు ఎక్కించారు, ఒక్క పోగు పేక కూడా పడలేదు. ఏకాంబరం నూలుకు రంగు వేయించడానికి పుత్తూరు పోయాడు. వచ్చినవాడు మొగుడి పేరడిగాడు. ఆమె తల వంచుకుంది. రెండోసారి అడిగితే ఇంకా వంచుకుంది. పరాయి ఊరివాడు, ఇంకా నలభై ఇళ్ళు తిరగాలి. నుదుటి మీది బొట్టయినా చూసే తీరిక లేక, పాపం అనుకుని, వితంతువు అని రాసుకుని పోయాడు.

కార్డు వచ్చాక ఏకాంబరం చదివి పడీ పడీ నవ్వాడు. ఒట్టి తల వంచుకోవడంతోనే మొగుణ్ణి చంపేసిందని వీధంతా చెప్పుకున్నాడు. నేనెక్కడికి పోయినానులే, తర్వాత రాయించుకుందామని దాన్ని గూట్లో పెట్టాడు. మన ఇళ్ళలో తర్వాత అంటే ఎప్పుడో అందరికీ తెలిసిందే.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో ఆయనకు ఆయాసం పట్టుకుంది. పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చునే నిద్రపోయేవాడు. తిరుపతిలో ఒక ఆసుపత్రికి తీసుకుపోతే, గుండెలో కవాటం చెడిందని, నెలలోపల ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పాడు. తెల్లకార్డున్న వాళ్ళకు ఖర్చంతా సర్కారు బీమాదేనట. ఆ కార్డులు చూసే కిటికీ దగ్గర రేవతి అనే అమ్మాయి ఉండేది. మంచి పిల్ల. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, మీ హక్కని, ఎవరైనా పైసా అడిగితే తనకు చెప్పమని ధైర్యం చెప్పి, కార్డు తిప్పి చూసి ఆగిపోయింది.

"ఇందులో నువ్వొక్కదానివే ఉండావు కదమ్మా. ఆయప్ప లేడు."

"ఈడే ఉండాడు కదమ్మా, బెంచీ మీద."

"నాకు కనబడతానే ఉండాడు. కార్డులో కనబడల్ల."

మండలాఫీసులో పేరు ఎక్కించుకుని రమ్మంది. అంతకు మించి ఆ పిల్ల చేతుల్లో ఏమీ లేదు.

మండలాఫీసు గుమాస్తా పరంధామయ్య చెడ్డవాడేమీ కాదు. చచ్చిపోయినట్టు రాసినవాణ్ణి బతికించాలంటే కార్డుగల మనిషే అధికారి ముందు నిలబడి, నా భర్త ఫలానా, బతికున్నాడు అని చెప్పాలన్నాడు. ఆయన్నే పిలుచుకొస్తానంటే, ఎవరైనా వచ్చి నేనే ఈమె మొగుణ్ణి అనొచ్చు, అది చెల్లదన్నాడు. వరదమ్మ సంచీలోంచి చీర తీసి బల్ల మీద పరిచింది. పరంధామయ్య కళ్ళద్దాలు సవరించుకుని అంచు చదివాడు.

"పేరు బాగానే ఉండాది. కానీ చీర వాంగ్మూలం ఇయ్యలేదు కదమ్మా. నీ నోటితో చెప్పల్ల."

ఆమె నోరు తెరిచింది. అత్తగారి ముఖం కళ్ళ ముందుకొచ్చింది. చీర మడిచి సంచీలో పెట్టుకుని వచ్చేసింది. వారం తర్వాత మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చేసింది. మూడోసారి గడప దగ్గరి నుంచే తిరిగొచ్చింది. పేరు చెప్తే తన నోటితో చంపుకున్నట్టు, చెప్పకపోతే నోరు మూసుకుని చంపుకున్నట్టు. ఎటు చూసినా దారి లేక ఆమె మగ్గం గుంటలో కూర్చుని ఏడ్చేది. గోడకానుకున్న ఏకాంబరం, ఏడుపు వినబడనట్టు కళ్ళు మూసుకునేవాడు.

డాక్టరు చెప్పిన నెలకు ఇంకా నాలుగు రోజులున్నాయనగా ఆమె నాలుగోసారి పోయింది. ఈసారీ చీర బల్ల మీద పరిచి, అధికారి ముందు నిలబడి, తాళి పట్టుకుని, "ఏకాంబరం. మా ఆయన. బతికే ఉండాడు" అనింది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. అధికారి సంతకం చేశాడు. పరంధామయ్య రసీదు చేతికిచ్చి, కొత్త కార్డు మూడు నెలల్లో వస్తుందన్నాడు.

మూడు నెలలు అన్న మాట ఆమె చెవికి పూర్తిగా ఎక్కలేదు. బల్ల మీది చీర అంచు బోసిగా ఉంది. పేరు లేదు. అత్తగారి మాట నిజమైందనుకుని ఆమె బస్సు కోసం కూడా ఆగకుండా ఎండలో ఇంటికి పరుగెత్తింది. ఆయన గోడకానుకుని ఆయాసపడుతున్నాడు. ఆ ఆయాసం చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"పొద్దున ఎవరో నన్ను పిలిచినట్టయింది మే" అన్నాడు.

మర్నాడు రసీదు పట్టుకుని తిరుపతి పోయారు. రసీదు చాలదని రేవతి తల దించుకుంది. కార్డే కావాలని, వాళ్ళు తెచ్చిన పాత కార్డును మరోసారి కవర్లోంచి తీసింది. వితంతువు అన్న మాట ఉన్న చోట, నేరేడు రంగు దారంతో, చీర అంచులో ఉండే అక్షరాలే. ఏకాంబరం, భర్త, అరవై మూడు. రేవతి గోటితో గీరి చూసింది. పోగు ఊడలేదు.

"సిరాతోనే ఉండల్లని రూల్లో యాడా రాయలేదులే" అని ముద్ర వేసింది.

మూడో రోజు ఆపరేషన్ అయింది. ఆయన కళ్ళు తెరిచాడని నర్సు వచ్చి చెప్పినప్పుడు వరదమ్మ వరండా బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన సత్యవేడు వైపు నుంచి వచ్చిన పోలేరమ్మ అనే ముసలామె. చేతిలో కార్డు. ఎదురుగా చక్రాల మంచం మీద ఆమె మొగుడు. ఆమె కార్డులు చూసే కిటికీ దగ్గరి నుంచి అప్పుడే తిరిగొచ్చింది.

"కిటికీ కాడ పిల్ల నీ సంగతి చెప్పింది. మాదీ నీ మాదిరేనక్కా. రాసేటప్పుడు నేనూ పేరు చెప్పలేదు" అంది పోలేరమ్మ. "నీకైతే మగ్గం ఉండాది. నేను కలుపు తీసేదాన్ని. నా చేత్తో పీకింది గడ్డే."

వరదమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆయప్ప పేరేమి?" అని అడిగింది.

పోలేరమ్మ నోరు తెరిచింది. మంచం మీది మొగుడి వంక చూసి, మెల్లగా తల వంచుకుంది.