ఎవరి చేతులు కట్టాయి?

మార్చి నెల మొదటి శనివారం. హైస్కూలు జిమ్ములో బాస్కెట్‌బాల్ పలకల కింద మడత బల్లలు వరసగా వేశారు. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు సైన్స్ పోటీలకు వచ్చి, మంచుబూట్లు గుమ్మం దగ్గర విప్పి, మేజోళ్లతోనే తిరుగుతున్నారు. తల్లులు మాంసం, దుంపలు కూరిన వేడి పాస్టీలు కాగితాల్లో చుట్టి అమ్ముతున్నారు. పైకి చూస్తే పండగలాగే ఉంది. ఆ పండగలో ఒక పిల్లకు ఎంత అన్యాయం జరిగిందో ఆ రోజు ఎవరికీ కనిపించలేదు.

ఆ పిల్ల పేరు ఐలీ నిస్కనెన్. ఏడో తరగతి. ఉత్తరాది మంచుసీమ అయిన మా అప్పర్ పెనిన్సులాలో సాల్మీ అనే చిన్న ఊరు వాళ్లది. తండ్రి రేనో అక్కడి కలప కోతమిల్లులో పనివాడు. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు, రంపం తీసుకుంది. కర్రను గోటితో తట్టి చప్పుడు వినడం, నార ఎటు నడిచిందో చూసి వంచడం ఐలీకి ఆయనే నేర్పాడు.

ఆమె పాల్గొన్నది టవర్ పోటీలో. బాల్సా అనే తేలిక కలప సన్న కర్రలతో ఇంటి దగ్గర టవర్ కట్టుకొస్తారు. దానికి గొలుసుతో బకెట్ తగిలించి ఇసుక పోస్తారు. తక్కువ బరువున్న టవర్ ఎక్కువ ఇసుక మోస్తే గెలుపు. ఐలీ టవర్ తొమ్మిది గ్రాములు తూగింది. పదిహేను కిలోల ఇసుక మోసి కూడా కిర్రుమనలేదు.

చప్పట్లు ఇంకా ఆగకముందే డాక్టర్ వెల్డన్ క్రెయిల్ జడ్జి దగ్గరికి వచ్చాడు. ఆయన కాలేజీలో వంతెనల నిర్మాణం బోధించే ప్రొఫెసరు. ఆయన కొడుకు గ్రేడీ టవర్ రెండో స్థానంలో ఉంది.

"ఈ పిల్ల నాన్న మిల్లులో పలకలు మోస్తాడండీ. ఇలాంటి కట్టుబడి నా మూడో ఏడాది స్టూడెంట్లకే రాదు. ఎక్కడో కొనుక్కొచ్చి ఉంటారు, కాస్త చూడండి" అన్నాడు. మెల్లగానే అన్నాడు గానీ పక్కనున్న ఐలీకి వినిపించింది.

జడ్జి ఆమె వైపు తిరిగాడు. "నిజం చెప్పమ్మా. ఇది నువ్వు కట్టావా?"

"నేనే కట్టానండీ."

"లెక్కలు, నోట్సు ఏవీ?"

మిల్లు చీటీల వెనక పెన్సిలుతో రాసుకున్న లెక్కల కట్ట తీసి ఇచ్చింది. ఆయన రెండు చీటీలు తిప్పి పక్కన పెట్టేశాడు. అరగంటలో సాల్మీ బడి పేరు కొట్టేశారు. మొదటి పతకం గ్రేడీ మెడలో పడింది. వారపత్రికలో "సొంత పని కాదని సాల్మీ టవర్ తొలగింపు" అని రెండు వాక్యాలు వచ్చాయి.

ట్రక్కులో ఇంటికి వెళ్తూ రేనో అన్నాడు: "పోనీలే తల్లీ. పెద్దోళ్లతో మనకెందుకు?"

"ఎందుకేంటి నాన్నా? నన్ను దొంగన్నారు. నువ్వు కూలోడివి కాబట్టి నాకు బుర్ర ఉండదన్నారు. నేను వదల్ను."

సోమవారం బడి బస్సులో ఒకడు వెనక నుంచి అరిచాడు. "ఏయ్ ఐలీ, వచ్చే ఏడాది ఏ కొట్లో కొంటున్నావ్? మాకూ చెప్పు, కలిసి వెళ్దాం!" బస్సంతా నవ్వింది. ఆమె వెనక్కి తిరగలేదు. పత్రిక ముక్క కత్తిరించి మంచం పక్క గోడకు అంటించుకుంది. రోజూ నిద్ర లేవగానే అది చదివి, ఆ తర్వాతే మొహం కడుక్కునేది.

పగ పట్టినవాళ్లకు జ్ఞాపకం బాగా పని చేస్తుంది. ఆ రోజు గ్రేడీ ఏం చేశాడో ఐలీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. టవర్‌ను పరాయి బిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు. ఏ కర్ర మీద లాగుడు పడుతుంది, ఏ కర్ర మీద నొక్కుడు పడుతుందని జడ్జి అడిగితే తండ్రి మొహం చూశాడు. అంటే ఆ టవర్ ఎవరు కట్టినట్టు? దొంగతనం చేసినవాడే తనను దొంగన్నాడు!

ఆమె పోటీల కమిటీకి ఒక ఉత్తరం రాసింది. ఇంటి నుంచి తెచ్చిన టవర్‌కు సగం మార్కులే ఇవ్వాలి. మిగతా సగం జడ్జిల ఎదుట యాభై నిమిషాల్లో కట్టిన టవర్‌కు ఇవ్వాలని అందులో కోరింది. ఆ ఉత్తరాన్ని మిస్ ఇర్మా లాంపినెన్‌కు చూపించింది. ముప్పై నాలుగేళ్లు సైన్సు చెప్పి రిటైరై, ఇప్పటికీ సాల్మీ పిల్లల్ని పోటీలకు తయారు చేసే టీచరు ఆమె.

"ఇది న్యాయం కోసం రాశావా, పగ తీర్చుకోవడానికా?"

"పగ కోసమే టీచర్. ఆ గ్రేడీ అందరి ముందూ జిగురు చేతులతో దిక్కులు చూడాలి."

మిస్ లాంపినెన్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అబద్ధం చెప్పలేదు, సంతోషం. నీ కడుపులో ఉన్నది నాకు నచ్చలేదు గానీ, కాగితం మీదున్నది మాత్రం సరైందే. పెన్ను ఇలా ఇవ్వు."

పదకొండు బడులకు ఉత్తరం వెళితే తొమ్మిది సంతకాలు వచ్చాయి. తండ్రులు కట్టిన టవర్ల ముందు ఓడిపోయిన పిల్లలు మా జిల్లాలో ఇంతమంది ఉన్నారని అప్పుడు తెలిసింది. "పసిపిల్లల మీద ఇంత ఒత్తిడి తగదు" అని క్రెయిల్ వాదించాడు. కమిటీ ఓట్లలో ఓడిపోయాడు, కొత్త నియమం వచ్చింది.

ఏడాదంతా ఐలీ వంటింటి బల్ల మీద గడియారం పెట్టుకుని టవర్లు కట్టింది. కట్టినవాటిని విరగ్గొట్టి మళ్లీ కట్టింది. కర్ర కోసిన ప్రతిసారీ ఆమెకు కనిపించింది గ్రేడీ మొహమే. చదువు మీద ప్రేమతో మొదలైన పని కసితో సాగింది. ఒక పిల్లను అంత దూరం నెట్టింది ఎవరో, పాఠకులారా, మీరే ఆలోచించండి.

మళ్లీ మార్చి వచ్చింది. గంట మోగింది. అందరికీ ఒకే రకం కర్రలు, ఒకే జిగురు సీసా. ఐలీ పుల్లలు తట్టి వేరు చేసుకుని పని మొదలుపెట్టింది. ఎదుటి బల్ల దగ్గర గ్రేడీ కత్తిని తప్పుగా పట్టుకున్నాడు. బల్లల చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడ్డ క్రెయిల్ వేళ్లతో సైగలు చేస్తున్నాడు.

ఐలీ చెయ్యెత్తింది. "సార్, అక్కడ ఒకాయన సైగలు చేస్తున్నారు" అని జిమ్మంతా వినబడేలా చెప్పింది.

మూడు వందల మంది అటు తిరిగారు. "డాక్టర్ గారూ, దయచేసి బయట కూర్చోండి" అన్నాడు జడ్జి. ఆయన తలుపు దాకా నడుస్తుంటే ఐలీ పని ఆపి మరీ చూసింది. ఆ నడక ఆమెకు తేనెలా ఉంది.

గ్రేడీ టవర్ గొలుసు తగిలించగానే కూలింది. ఒక్క ఇసుక రేణువు కూడా పడకముందే! వెనక ఎవరో పకపకా నవ్వారు. ఐలీ టవర్ పదకొండు కిలోలు మోసింది. రెండు టవర్ల మార్కులూ కలిపి మొదటి స్థానం ఆమెదే.

ఆమె తిన్నగా గ్రేడీ బల్ల దగ్గరికి వెళ్లి, ఏడాదిగా నోట్లో నానబెట్టుకున్న మాట అంది. "ఇది నువ్వు కట్టావా?"

వాడు విరిగిన పుల్లల్ని దగ్గరికి లాక్కున్నాడు. "అవును. ఇదొక్కటే నేను కట్టింది. మిగతావన్నీ మా నాన్నవే. నేను ముట్టుకుంటే పాడైపోతుందంటాడు. పోయినేడు ఇంటికెళ్తూ, వెనక్కెళ్లి జడ్జికి నిజం చెప్పమని కార్లో ఏడ్చాను కూడా. వింటేగా!"

ఐలీ కోపం చల్లారలేదు. అది ఎవరికి చెందాలో వాళ్ల వైపు తిరిగింది. ఆమె క్రెయిల్ కూర్చున్న వరండాలోకి నడిచింది. రేనో వెనకే వచ్చాడు.

"డాక్టర్ గారూ! పోయినేడు మా నాన్న గురించి జడ్జి చెవిలో చెప్పారు. ఇప్పుడు లోపలికొచ్చి మైకులో చెప్పండి, ఎవరు ఎవరికి కట్టిపెట్టారో."

"చూడమ్మా, నేను నా కొడుకు బాగు కోసమే..."

"బాగుందో లేదో మీ కొడుకునే అడగండి."

క్రెయిల్ రేనో వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి మీ పిల్లకు."

పెద్దోళ్లతో మనకెందుకన్న మనిషి ఈసారి కూతురు పక్కనే నిలబడ్డాడు. "మా అమ్మాయి అడిగిందానికి జవాబు చెప్పండి సార్. మేం ఇక్కడే ఉంటాం."

ఇక తప్పించుకోలేక బహుమతుల వేళ క్రెయిల్ మైకు ముందు నిలబడి, పోయినేడు గ్రేడీ టవర్ కట్టింది తానేనని, ఐలీ మీద అన్నది తప్పని చెప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి. కమిటీవాళ్లు పాత పతకం తెచ్చి ఐలీకి ఇచ్చారు. క్రెయిల్ చెయ్యి చాపాడు. ఐలీ ఆ చెయ్యి అందుకోలేదు. అది తప్పని కొందరనవచ్చు. పదిమందిలో దొంగ అనిపించుకుని ఏడాది బతికినవాళ్లు అనరు.

చివరగా మిస్ లాంపినెన్ మైకు తీసుకుంది.

"ఈ పిల్ల ఇవాళ గెలిచింది, నిజమే. కానీ పన్నెండు నెలలు నవ్వు మరిచిపోయి గెలిచింది. ఆ అబ్బాయి పద్నాలుగేళ్లకు మొదటిసారి సొంతంగా ఒకటి కట్టాడు. అది పడిపోతే మీలో కొందరు నవ్వారు. ఈ రెండు పాపాలూ పెద్దలవే. బిడ్డ చేతిలో పని లాక్కుని చేసిపెట్టడం ప్రేమ కాదు, పేదవాడి బిడ్డకు పని రాదనుకోవడం తెలివీ కాదు. రెండూ దొంగతనాలే, రెండింటి శిక్షా అనుభవించేది పిల్లలే."