ముప్పై తొమ్మిది కార్డుల ఇల్లు

ఈ పొద్దున ఆకాశం బోర్లా పడి ఉంది. దాని వీపు కనిపిస్తోంది. ముదురు గోధుమ రంగు మీద పెద్ద సుడి, అంచుల చుట్టూ సన్నటి పసుపు గీత. ఎండ మాత్రం మామూలుగానే కాస్తోంది. ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు.

ఆ సుడి నాకు తెలుసు. నా కూతురు నీలావతి ఆడే వీడియో గేమ్‌లో కార్డుల వీపు అదే. టీవీలో వచ్చే జపాను బొమ్మల కథలోంచి ముందు అట్ట కార్డులు వచ్చాయి. తర్వాత ఆ కార్డులన్నీ ఇమిడిపోయిన ఈ మిషన్ వచ్చింది. వాళ్ళ మేనమామ కదిరిలో కొనిచ్చాడు. అరచేతిలో పడుతుంది. అద్దంలో నాలుగు రంగులు, నాలుగూ ఆకుపచ్చే.

కొట్టంలోకి పోతాను. ఆవు గోడకు ఆనించి ఉంది. ఎదురుగా చూస్తే ఆవే. పక్కనుంచి చూస్తే గీత. కింది మూలలో రెండు అంకెలు ఉన్నాయి: కొట్టే బలం నాలుగు, ఓర్చే బలం పన్నెండు. ఎత్తి చూస్తాను. విస్తరాకంత బరువుంది. చంకలో పెట్టుకుంటే దాని గుండె కొట్టుకోవడం నా పక్కటెముకలకు తగులుతోంది.

నా భార్య సుంకమ్మ వంటింట్లో రాగిపిండి జల్లిస్తోంది.

“ఆకాశం తిరగబడిండాది,” అంటాను.

“బట్టలు ఆరతాయా ఆరవా? అది చెప్పు.”

“ఆరతాయి.”

“మళ్ళ ఇంకేం గావాల నీకు?”

ఆమె ఇటు తిరుగుతుంది. మెడ కింద ఆమెకూ అంకెలున్నాయి. కొట్టే బలం సున్నా. ఓర్చే బలం రాయడానికి చోటు చాలక, అంకెలు వరసలు వరసలుగా రవిక మీదికి దిగి ఉన్నాయి. అంత పొడుగు అంకె చదవడం నాకు చేతకాదు.

నీలావతి మిషన్ పట్టుకుని పరిగెత్తుకొస్తుంది.

“నాయనా, వాడొచ్చినాడు.”

“ఎవరు?”

“ఆటలో కడాకరోడు, అందరినీ గెల్చినాంక చివర్లో వచ్చేటోడు. ఎనిమిది దినాలాయ, వాణ్ణి గెలవలేకుండా. నిన్న పోరాడతావా అని అడిగినాడు. కింద అవును అని మాత్రమే ఉండాది. కాదు అని ల్యా. నొక్కినా.”

వాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నీలి జుట్టు ముళ్ళలాగా పైకి లేచి ఉంది. గాలికి కదలదు. ముఖంలో సగం కళ్ళే. కాసేపు గమనిస్తాను. వాడికి మూడే ముఖాలున్నాయి: నవ్వేది, పళ్ళు కొరికేది, చెమట పట్టేది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేటప్పుడు మధ్యలో ఏమీ ఉండదు. కోడి వాడిదాకా వచ్చి, గోడకు తగిలినట్టు పక్కకు తిరిగిపోతుంది.

వాడి పెదవులు ముందు కదులుతాయి. తర్వాత గడ్డం కింద తెల్లటి పలక ఒకటి తేలి, దాని మీద అక్షరాలు వరసగా పడతాయి. నేను ఐదో తరగతి దాకా చదివాను. అక్షరాలు నా చదువు వేగానికే వస్తున్నాయి.

‘మిత్రమా, నీ ఇంటిని పేర్చు. నలభై కార్డులు. పైకి లెక్కపెట్టాలి. లెక్కలోకి రానిది ఎవరిదీ కాదు.’

నీలావతి మీట నొక్కుతుంది. ఇంకో పలక వస్తుంది.

‘నేను ఓడితే నీ ఇల్లు నీది. నువ్వు ఓడితే అన్నీ నా వెంట వస్తాయి.’

సుంకమ్మ జల్లెడతోనే గడప దగ్గరికొచ్చి చదువుతుంది.

“ఏమే, వీడు రేడియోలో వార్తలు చెప్పినట్ల మాట్లాడతాడే!”

“ఆ బొమ్మలోళ్ళు అట్లే మాట్లాడతారు మా,” అంటుంది నీలావతి.

మళ్ళీ మీట నొక్కుతుంది. నొక్కకూడదని వేలికి తెలిసేలోపే నొక్కుతుంది. జల్లెడ చప్పుడు ఆగిపోతుంది.

సుంకమ్మ గడప మీద వెల్లకిలా పడి ఉంది, అట్ట మందాన. జల్లెడలోంచి రాలుతున్న పిండి కూడా బొమ్మలోనే సగంలో ఆగింది. కళ్ళు మాత్రం నేను ఎటు కదిలితే అటు కదులుతున్నాయి.

“నాకు, నీకు ఏం కాల్యా?”

“మిషన్ పట్టుకున్నోళ్ళు కార్డు గారు నాయనా. లెక్కపెట్టేటోళ్ళు గూడా గారు. నువ్వే గదా లెక్కపెట్టేది.”

అది నిజమే. మా ఊళ్ళో ఎవరి కళ్ళంలో రాగులు కొలవాలన్నా నన్నే పిలుస్తారు. ముప్పై ఏళ్ళుగా పడి అనే కొలపాత్ర పట్టి కొలుస్తున్న చెయ్యి ఇది. నా లెక్కను మళ్ళీ లెక్కపెట్టినవాళ్ళు లేరు.

కార్డులన్నీ ఏరుకొస్తాను. ఇంటికి ముందు నిలవాల్సింది ఆమే కాబట్టి సుంకమ్మను అన్నిటికన్నా పైన పెడతాను. అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ వేస్తాను.

“లాభం,” అంటూ సుంకమ్మను వేస్తాను. “రెండు.” ఆవు. “మూడు.” మేక. రోలు, నాగలి, మంచం, వేపచెట్టు, బావి. బావిని వంచకుండా వేస్తాను, నీళ్ళు ఒలుకుతాయని. “నలభై.” గడప.

వాడు పళ్ళు కొరికే ముఖంతో వింటాడు. తర్వాత నవ్వే ముఖం పెడతాడు.

‘ముప్పై తొమ్మిది.’

“నలభై,” అంటాను.

‘రెండు నుంచి నలభై దాకా ముప్పై తొమ్మిది. ఒకటి నాకు వినిపించలేదు, మిత్రమా.’

నీలావతి నా చొక్కా పట్టుకుని గుంజుతుంది.

“నాయనా! ఒకటి అని యాల అనల్యా?”

“కొలిచేటప్పుడు అనరు మా.”

“మిషన్‌కు ఎట్ల తెలస్తాది ఆ మాట?”

మా వైపు మొదటి పడిని ఒకటి అనరు. అంటే ఒకటే మిగులుతుందని భయం. లాభం అని, ఆ తర్వాత రెండుకు పోతాం. కొలిచేచోట ఆ అంకె నా నోటినుంచి ఎప్పుడూ రాలేదు.

అరుగు మీద సుంకమ్మ లేదు. వాడి మోకాలి పక్కన నేల చదరంగా బూడిద రంగుకు తిరిగింది. ఆమె అందులో ఉంది. ఎర్ర చీర ముదురు ఆకుపచ్చ అయింది.

“అది ఎవరివీ కానివి పడే చోటు,” అంటుంది నీలావతి. “ఇంకా మూడు ఆకుపచ్చలు ఉండాయి నాయనా. నాలుగోది అయిపోతే, దాని తర్వాత రంగు ల్యా.”

“ఎట్ల గెలవాల?”

“వంతుకు ఒక కార్డు తియ్యాల. తియ్యడానికి లేనోడు ఓడిపోతాడు. వానికి నలభై ఉండాయి. మనకు…” ఆపేస్తుంది.

వాడు మొదట తీస్తాడు. కొండంత పాము ఒకటి దిగుతుంది. తోక పక్కూరి చేలో ఉంది. నేను ఆవును వేస్తాను. పన్నెండు లెక్కపెట్టేలోపు ఆవు ఉండదు. కొట్టంలో పలుపుతాడు మాత్రం మెడంత వెడల్పున గాలిలో నిలబడి ఉంది.

మేకను వేస్తాను. రోలును వేస్తాను. వేసినది వేసినట్టే పోతోంది. మంచం పోయాక పడకగది పోతుంది. బావి కొంతసేపు ఓరుస్తుంది. పాము తాగడం వినిపిస్తోంది. తర్వాత ఆ చప్పుడూ ఆగుతుంది. సుంకమ్మ రెండో ఆకుపచ్చలో ఉంది. చూడకూడదనుకుంటూనే చూస్తాను. మూడోది.

ఇప్పుడు బయలు మధ్య మా అరుగు ఒక్కటే ఉంది. వాడు నలభయ్యో కార్డు తీస్తాడు.

‘నీ వంతు, మిత్రమా.’

కార్డులుండే చోట నా చెయ్యి ఉంది. దాని కింద ఏమీ లేదు.

“తియ్యి నాయనా.”

“ఏం తియ్యాల?”

“యామన్నా తియ్యి!”

సుంకమ్మ ఎండుగడ్డి కన్నా లేత రంగులో ఉంది. పిండి లేదు, జల్లెడ లేదు. రెండు కళ్ళ గీతలు మిగిలాయి. అవి నన్నే చూస్తున్నాయి.

“లెక్క ఇంకా ముగియల్యా,” అంటాను.

‘లెక్క ఒక్కసారే.’

“ఇదీ అదే లెక్క. రెండోది గాదు. కొలిచేటోడు పడి కింద పెట్టి లేసేదాకా లెక్క నడస్తానే ఉంటాది. నేను లేయల్యా. లెక్క మొదలైనప్పట్నుంచి కూసోనే ఉండా.”

వాడికి చెమట పట్టే ముఖం వస్తుంది. పలక తేలుతుంది కానీ దాని మీద అక్షరాలు పడవు. నీలావతి మీట నొక్కుతూనే ఉంది. ఖాళీ పలకలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి.

ఒక్క మాట అంటే చాలు. అన్నాక ఒక్కటే మిగిలితే, అది ఎవరో నాకు తెలియదు. నీలావతి వైపు చూస్తాను. మిషన్‌ను రొమ్ముకు అదుముకుని నా నోటివైపే చూస్తోంది. బూడిద చదరంలో ఒక కంటి గీత చెరిగిపోతుంది.

“ఒకటి,” అంటాను.

కార్డు నా చేతి కిందికి వస్తుంది. వెచ్చగా ఉంది. తీసి వేస్తాను. పాము వచ్చి కొడుతుంది. కొడుతూనే ఉంటుంది. సుంకమ్మ ఓర్చే అంకెలు ఒక్కొక్క వరసే కరుగుతున్నాయి. ఇంకా ఎన్నో వరసలున్నాయి. పాము తల వాల్చేస్తుంది. వాడు కార్డు తియ్యబోతాడు. తియ్యడానికి వాడికీ లేదు.

వాడు పైకి లేచి చెప్పులు విడుస్తాడు.

‘ఓడినవాడు ఆ ఇంట్లో తిని వెళ్ళాలి. ఇది చివరి నియమం.’

గోడలు వచ్చాయి. కొట్టంలో ఆవు అరుస్తోంది. సుంకమ్మ పొంగే పిండిలాగా మెల్లగా మందం తెచ్చుకుని లేస్తుంది. వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగిస్తుంది.

మధ్యాహ్నానికి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి తెస్తుంది. ఒకే పళ్ళెం తెస్తుంది. నలుగురం దాని చుట్టూ కూర్చుంటాం. నా భుజాల దగ్గర చొక్కా చేతులు ఖాళీగా వేలాడుతున్నాయి. నీలావతి గౌను చేతులూ అంతే. వాడివీ అంతే. సుంకమ్మ పళ్ళెం ఎట్లా పెట్టిందో నేను చూడలేదు.

పళ్ళెం మీదికి, మా నలుగురికీ మిగిలిన ఒకే ఒక్క చెయ్యి వస్తుంది. మణికట్టుకు గాజులున్నాయి. వెంట్రుకలు నావి. కొరికిన గోళ్ళు నీలావతివి. ఆ చేతికి నీడ లేదు. అది సంగటి తుంచి, ఊరిబిండిలో అద్ది, నీలావతి నోట్లో పెడుతుంది. నేను మింగుతాను. వాడి నోట్లో పెడుతుంది. సుంకమ్మ గొంతు కదులుతుంది.

ఎవరం మాట్లాడం. మాట్లాడితే ఎవరి గొంతు వస్తుందో ఎవరికీ తెలియదు.

చెయ్యి ఇంకో ముద్ద తుంచి నా వైపు తిరుగుతుంది. నేను నోరు తెరుస్తాను. నమలడం సుంకమ్మ మొదలుపెడుతుంది.