ఆకలి తూకం

మాకు పెళ్లయి పదకొండు వారాలు. పుప్పాలగూడలో తొమ్మిదో అంతస్తులో కాపురం. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు కనిపిస్తే చాలు, పొద్దున్నే నాకు నవ్వొస్తుంది. మా ఆయన భరత్ వరసకు నా బావ. రాయదుర్గంలో ఉద్యోగం. మొన్నటిదాకా ఇంట్లో ఇంకొకరు కూడా ఉండేవారు. డేగ.

పెళ్లికి నెల ముందు అది ఆఫీసు అద్దాలకు కొట్టుకుని పడిపోతే, బావ ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని తెచ్చాడు. రెక్క బాగవగానే అటవీశాఖ వాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. రెక్క బాగైంది. ఇవ్వలేదు. డేగను చేతి మీద నిలబెట్టుకోవాలని చిన్నప్పటి నుంచి అతనికి పిచ్చి. ఆఫీసు నుంచి రాగానే చేతికి తోలు తొడుగు వేసుకుని, దాన్ని మణికట్టు మీదికి ఎక్కించుకుని కదలకుండా కూర్చునేవాడు. మాటలు వినపడితే అది బెదురుతుంది. అందుకని నేనూ మాట్లాడేదాన్ని కాదు. గరిటె కూడా చప్పుడు కాకుండా కింద పెట్టేదాన్ని.

దాని కాలికి కట్టడానికి నా పట్టీలోంచి ఒక మువ్వ అడిగాడు. ఎంత మురిసిపోయానో. నావీ డేగవీ ఒకే మువ్వలని అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

కేకుల కోసం నేను కొనుక్కున్న చిన్న కాటా మీద రోజూ పొద్దున దాన్ని తూచేవాడు. నూట అరవై గ్రాములు ఉండాలి. అంతకు మించితే ఆ రోజు తిండి తగ్గించేవాడు.

"కడుపు నిండితే అది మన చేతికి రాదు భార్గవీ. ఆకలే దానికి తాడు."

"పాపం కదా బావా."

"అడవిలో దానికి ఎవరు వడ్డిస్తారు?"

ఆ శనివారం సాయంత్రం మొదటిసారి తాడు లేకుండా ఎగరేస్తానన్నాడు. పొద్దున రెండుసార్లు తూచాడు. మధ్యాహ్నం అతను స్నానానికి వెళ్లినప్పుడు నేను చికెన్ కడుగుతున్నాను. డేగ నా వేళ్ల వంకే చూస్తోంది. మా ఇళ్లలో ప్రయాణమయ్యేవాళ్లను కడుపు మాడ్చి పంపరు. పెరుగన్నమైనా ఒక ముద్ద తినే గడప దాటాలి. ఒక ముక్క పెట్టాను. ఇంకొకటి పెట్టాను. పిడికెడు తిన్నాక అది ఈకలు పొంగించి, ఒంటికాలి మీద హాయిగా నిలబడింది. నేను పెట్టింది అది తిన్నదని నాకెంత సంబరమో.

మేడ మీద బావ చెయ్యి ఎత్తి వదిలాడు. అది మువ్వ మోగించుకుంటూ పోయి, ఎదురుగా కడుతున్న టవర్ పక్కన క్రేన్ మీద వాలింది. బావ ఈల వేశాడు. మాంసం ముక్క చూపించాడు. అది ముక్కును ఇనుప కమ్మీకి తుడుచుకుంది.

నీళ్ల ట్యాంకు చూడ్డానికి వచ్చిన వాచ్‌మన్ కిష్టయ్య నా పక్కన ఆగాడు.

"ఏందమ్మా, సారు గట్ల చెయ్యి చాపిండు? ఈడ ఆటోలు ఆగయి."

నాకు నవ్వు రాలేదు. ఎండ వాలిపోతోంది. బావ చెయ్యి దించడం లేదు. డేగ లేచి గండిపేట వైపు వెళ్లిపోయింది.

"నేనే దానికి తిండి పెట్టినా బావా. మధ్యాహ్నం."

అతను తిరగలేదు. "ఎంత?"

"పిడికెడు."

మనసులో ఏదో లెక్క వేసుకున్నాడు. "అయితే రేపు సాయంత్రానికి దానికి ఆకలైతాది."

తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు వచ్చిందేమీ లేదు. ఆ మరునాడూ అంతే. ఆఫీసు నుంచి నేరుగా మేడ మీదికే వెళ్తున్నాడు. మంగళవారం బొరుగులతో ఉగ్గాని, బజ్జీలు చేసి, గిన్నె చల్లారకుండా గబగబా మెట్లెక్కాను. నా పట్టీలు మోగాయి. బావ చటుక్కున తిరిగాడు. పెళ్లిపీటల మీద కూడా ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. నన్ను చూశాక అది మెల్లగా ఆరిపోయింది.

"నువ్వా," అన్నాడు.

పిట్టగోడ పక్కన కూర్చుని ఇద్దరం తిన్నాం. బజ్జీలు కరకరలాడుతున్నాయని మెచ్చుకున్నాడు కూడా.

బుధవారం నుంచి పట్టీలు బీరువాలో పెట్టి, ఉత్త కాళ్లతో మేడెక్కుతున్నాను.