మధ్య ఫ్రేములు

లిదియా రొయ్యలు ఒలుస్తుంటే గదిలోంచి అనిల్ కేకేశాడు. "లిదియా, కీ ఫ్రేములు పెట్టేశాను. మధ్యలోది కాస్త చూడు."

కాస్తట. కాకినాడలో ఇద్దరూ కలిసే యానిమేషన్ నేర్చుకున్నారు. పెళ్లయి మెట్టకూరు వచ్చాక ఇంటినుంచే చేసే స్టూడియో ఉద్యోగం అతనిదయింది, కాస్త చూడ్డం ఈమెదయింది. బొమ్మల సినిమాలో నాయనమ్మ నేలమీది మనవరాల్ని ఎత్తుకోవాలంటే, అతను వంగిన భంగిమ ఒకటి, ఎత్తుకున్న భంగిమ ఒకటి పెట్టి లేచిపోతాడు; అవే కీ ఫ్రేములు. ఆ రెంటి మధ్య కంప్యూటర్ బొమ్మని తనకు తోచిన దగ్గర దారిలో జరిపేస్తుంది. దానికి బరువు తెలీదు, ఒళ్లు అడ్డం ఉంటుందనీ తెలీదు. ముసలమ్మ చేతులు పాప పొట్టలోంచి దూరిపోతాయి. అప్పుడు లిదియా కూర్చుని మధ్యలో మరికొన్ని భంగిమలు పెడుతుంది. ముందు మోకాలు వంగాలి, ఒక చెయ్యి నడుం మీదికి పోవాలి, ఊపిరి బిగబట్టాలి, అప్పుడుగాని మనిషి లేవదు. ఇది ఆమెకు ఏ కోర్సులోనూ చెప్పలేదు. పక్షవాతం వచ్చిన అత్తగారిని రోజూ మంచం మీంచి కుర్చీలోకి చేర్చేది తనే. చూడవచ్చిన వాళ్లతో అత్తగారు మాత్రం, "ఆ కంప్యూటరు ముందు కూచుని కూచుని మావోడికి నడుం పడిపోతందమ్మా" అంటుంది.

స్టూడియోవాళ్లు ఇంకొకరిని తీసుకుంటున్నారని, నీ పేరు చెబుతానని అనిల్ మాటిచ్చాడు. సొంత పేరు, సొంత ఉద్యోగం అనుకుని లిదియా పిచ్చిగా సంబరపడింది. ఇవాళ్టి సీను మధ్యాహ్నానికల్లా పూర్తిచేసి, అత్తగారిని లేపుతుండగా హైదరాబాద్ నుంచి స్టూడియో సార్ అనిల్‌కి వీడియో కాల్ చేశాడు. ముసలావిడ బరువంతా అప్పుడు ఈమె భుజమ్మీద ఉంది.

"పోయినవారం సీన్లు చూశానయ్యా. కదలికలో ప్రాణం ఉంది. మధ్యలో ఎవరు చేస్తున్నారు?"

"ఎవరూ లేరు సార్. నేను కీస్ పెట్టేస్తే అదే వచ్చేస్తుంది."

లిదియా అత్తగారిని మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టి, చీర సర్ది, అప్పుడు వెళ్లి నా పేరెందుకు చెప్పలేదని భర్తని అడిగింది.

"ఇంట్లో ఆడది చేస్తందంటే నాకేం విలువుంటాదే? సాయంత్రానికి సీను పంపెయ్యి. మొహం అలా పెట్టకు" అన్నాడు.

ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం కూర్చుని, తను పెట్టిన భంగిమలన్నీ ఒక్కొక్కటే తీసేసింది. వంగిన మోకాలు పోయింది, నడుం మీది చెయ్యి పోయింది, బిగబట్టిన ఊపిరి పోయింది. ప్లే నొక్కి చూసింది. ముసలమ్మ చేతులు పాప గుండెల్లో దూరి అవతలికొచ్చాయి. పాప నవ్వుతూనే ఉంది. అలాగే స్టూడియోకి పంపేసింది.

"అయిందా?" అన్నాడు అనిల్ వరండాలోంచి.

"అయిందండి. మీరు పెట్టినవి మాత్రం ముట్టుకోలేదు."