ఓడినవాళ్ళు పెట్టే టీ

నేను ఒక ఆటపెట్టెను. మందపాటి అట్టతో చేసిన చదరపు పెట్టెను. మొదటిసారి చూసినవాళ్ళు నన్ను పట్టుచీర పెట్టె అనుకుంటారు, మూత తీశాక మొహం చిన్నబుచ్చుకుంటారు. నా పేరు 'రేవుపట్నాలు'. లోపల ఒక సముద్రం, తొమ్మిది రేవులు, ఒక్కొక్కరికి మూడేసి ఓడలు, పేకముక్కల్లాంటి ఒప్పందాల కార్డులు, మిరియాలూ లవంగాలూ యాలకులూ దాల్చినచెక్కా అనుకోమని నాలుగు రంగుల చెక్కముక్కలు, అవి పోసి ఉంచే ఒక గుడ్డ సంచి ఉంటాయి. వీటన్నిటి మీదా పెత్తనం చెయ్యడానికి ఇరవై నాలుగు పేజీల నియమాల పుస్తకం. పాచికలు మాత్రం ఉండవు. నా మీద జనానికున్న మొదటి ఫిర్యాదు అదే.

ఏదో దూరదేశపు బుర్ర నన్ను ఊహించిందట, ఇంకో దేశపు కార్ఖానా నన్ను అచ్చుకొట్టింది. పుట్టుక గురించి నాకు గుర్తున్నది అట్టలు కోసే మర చప్పుడొక్కటే. ఆ తర్వాత ఓడెక్కాను. రేవుల ఆటనై ఉండి కూడా నలభై రోజులు ఓడ అడుగున చీకట్లో పడుకుని వచ్చాను, ఒక్క రేవూ చూడలేదు. చివరికి కాకినాడ రామారావుపేటలో విశ్వపతి గారి అద్దాల బీరువాలో తేలాను.

విశ్వపతి గారిది మందుల షాపు. రోజంతా గడువు తేదీలు చూసి చూసి విసిగిన మనిషి కాబట్టి, గడువు తీరని వస్తువంటే ఆయనకు ప్రాణం. బీరువాలో నాలాంటివాళ్ళం నలభై మందిమి. కార్డులన్నిటికీ ప్లాస్టిక్ తొడుగులు వేశారు. నన్ను ముట్టుకోవాలంటే సబ్బుతో చేతులు కడుక్కురావాలి. జంతికల పళ్ళెం, టీ కప్పు నా దరిదాపులకు రాకూడదు. దేవుడి గదికి కూడా ఆ ఇంట్లో ఇంత మడి లేదని ఆయన భార్య లలితాంబ గారు అనేవారు.

ఆదివారం భోజనాలయ్యాక ఆట మొదలయ్యేది. ఆయనకు జోడీ జెస్సీ టీచరు, దగ్గర్లోని బడిలో డ్రిల్లు టీచరు, గుసగుసలాడినా వీధి చివరికి వినపడే గొంతు. ఇంకో ఇద్దరు ముగ్గురు వస్తూ పోతూ ఉండేవారు. ఓడినవాళ్ళంతా నన్నే తిట్టేవారు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఈ ఆటకు డిగ్రీ చదవాలా అని ఒకరు, యాభయ్యేళ్ళొచ్చి బొమ్మ ఓడలేమిటని ఒకరు. ఆ ఇంటి ఆచారం ఒకటుంది. అందరికన్నా వెనకబడినవాళ్ళు లేచి వంటింట్లోకెళ్ళి అందరికీ టీ పెట్టాలి. "పాతికేళ్ళ కాపురంలో మీచేత పొయ్యి వెలిగించింది ఆ అట్టపెట్టె ఒక్కటే" అని లలితాంబ గారు నాకు దణ్ణం పెట్టేవారు.

అలాంటి ఒక ఆదివారం నూకరత్నం వచ్చింది. మగ్గం పని చేస్తుంది, లలితాంబ గారి జాకెట్టుకి పూసలూ జరీ కుట్టి ఇవ్వడానికి వచ్చింది. జాకెట్టు ఇచ్చేసింది గానీ వెళ్ళలేదు. గుమ్మానికి ఆనుకుని అరగంట చూసింది.

"ఆ ఓడని అక్కడెట్టేరేంటండీ? టీచరుగారు మీ ఎదర రేవు మూసేత్తారు కదండీ" అంది.

విశ్వపతి గారు చిరాగ్గా చూశారు. తర్వాతి ఎత్తులో జెస్సీ టీచరు సరిగ్గా అదే చేసింది. ఆ పై ఆదివారం నూకరత్నం సబ్బుతో చేతులు కడుక్కుని కూర్చుంది. రెండు నెలల్లో ఇద్దరిచేతా టీ పెట్టించింది. ఎవరి ఓడ ఎక్కడుందో, ఎవరి గోదాములో ఏ సరుకు చేరిందో అన్నీ ఆమె తలలో ఉండేవి. గోదాములంటే నా ఆటలో ఎవరికి వారు ముందు నిలబెట్టుకునే చిన్న అట్టతెరలు. సరుకు దాని వెనక దాచుకుంటారు, ఆట చివర్లో గానీ తెర తియ్యరు. అందరి తెరల వెనకా చూడగలిగేది నేనొక్కదాన్నే.

ఆమె భర్త గోవిందు ఆటో తోలుతాడు. ఓసారి ఆమెను తీసుకెళ్ళడానికి వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు.

"పాచికల్లేవు, పందెం లేదు. ఓడిపోతే మరెవర్ని తిట్టుకోవాలే?"

"మనల్నే తిట్టుకోవాలి" అంది నూకరత్నం. "అందుకే నాకిది నచ్చింది. ఓడినా నాదే, గెలిచినా నాదే."

నా గురించి చాలా అభిప్రాయాలు విన్నాను. ఇంతకన్నా మంచిది వినలేదు.

మూడేళ్ళు ఇలా గడిచాయి. ఒక ఆదివారం ఆమె యాలక్కాయ అనుకుని లవంగం ముక్క పెట్టింది. ఆకుపచ్చకీ గోధుమరంగుకీ తేడా తెలియలేదు. ఆ తర్వాత వారం కూడా అంతే. మూడోవారం ఆమే చెప్పేసింది.

"విశాఖపట్నం వెళ్ళొచ్చామండి. చూపు అంచుల్నించి మూసుకొచ్చేత్తందంటండి. మందు లేదంటండి. సన్న పని మానేసేను, ఇద్దరు పిల్లలకి నేర్పుతున్నాను. అదలా ఉంచండి. ఈ ఆట సంగతి చూద్దారి. ఈ పెట్టె నాకో నెల ఇవ్వండి."

విశ్వపతి గారు నన్ను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. "కొంచెం జాగ్రత్తగా..." అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి మాట మింగేశారు. ఆయన నన్ను ఇంకొకరి చేతిలో పెట్టి పంపడం అదే మొదటిసారి.

ఆమె నా సముద్రాన్ని ఒళ్ళో పెట్టుకుని దబ్బనంతో పొడిచింది. నొప్పి పుట్టలేదని అబద్ధం చెప్పను. ఓడలు నడిచే దారుల వెంట జరీ దారం కుట్టింది. మొదటి రేవు దగ్గర ఒక పూస, రెండో రేవు దగ్గర రెండు, అలా తొమ్మిదో రేవు దాకా. ఏ ఒప్పందమో వేలికి తెలిసేలా కార్డుల మూలల్లో దారంతో ముడులు వేసింది. ఇంకా కాస్త చూపు ఉన్నా పనంతా కళ్ళు మూసుకునే చేసింది. ఎందుకలా అని గోవిందు అడిగితే, "రేపెలాగూ ఇంతే కదా, ఇయ్యాల్నించే అలవాటైపోనీ" అంది. వేలికి గుచ్చుకుంటే చప్పరించి మళ్ళీ కుట్టింది. చెక్కముక్కల దగ్గర మాత్రం పని ఆగిపోయింది. వాటికి ముడీ పడదు, పూసా నిలవదు.

"అబద్ధం మిరియాలెందుకే, పోపులపెట్టిలో నిజమైనవే ఉన్నాయి గదా" అన్నాడు గోవిందు వేళాకోళంగా.

నూకరత్నం నవ్వలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆ రోజు నుంచీ నాలో నిజం మిరియాలు, నిజం లవంగాలు, నిజం యాలకులు, దాల్చినచెక్క ముక్కలు. ఇన్నేళ్ళకి నా పేరుకి తగ్గ వాసన వచ్చింది నాకు.

నెల తిరిగి నేను ఇల్లు చేరాక, విశ్వపతి గారు మూత తీసి రెండుసార్లు తుమ్మారు. కుట్లు చూశారు, కన్నాలు చూశారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని జరీ దారి మీద వేలు పెట్టి, ఒకటో రేవు నుంచి ఐదో రేవు దాకా మెల్లగా నడిపించారు. "ఐదు" అన్నారు. కళ్ళు తెరిచాక కళ్ళజోడు తుడుచుకున్నారు. నన్ను తుడవలేదు.

ఆట మళ్ళీ మొదలైంది. నూకరత్నం గెలిచింది. పై వారమూ గెలిచింది. ఆ పై వారమూ గెలిచింది. ఇక్కడే నాకు మనుషుల మీద కోపం వచ్చింది. తెరల వెనక జరుగుతున్నదంతా నాకు కనపడుతోంది కదా! విశ్వపతి గారు కావాలని ఓడను ఖాళీ రేవుకి తోలేవారు. జెస్సీ టీచరు చేతికందిన ఒప్పందం వదిలేసేది. ఇద్దరూ కూడబలుక్కోలేదు. ఎవరికి వారే తామొక్కరే ఈ పుణ్యం కట్టుకుంటున్నామనుకుని, ఓడిపోవడానికి పోటీ పడ్డారు. మంచితనంలో కూడా మనుషులకి మొదటి స్థానం కావాలి కాబోలు. నూకరత్నం మొదటి వారం సంబరపడింది. నాలుగో వారానికి గెలిచి కూడా మాట్లాడటం మానేసింది.

ఆరో ఆదివారం విశ్వపతి గారికి పెద్ద కష్టం వచ్చింది. ఎంత చెడగొట్టుకుందామన్నా ఆయన గోదాములో మూడు యాలకులు చేరాయి. యాలక్కాయకు ఐదు పాయింట్లు. తెర తీస్తే ఆయనే గెలుస్తారు. ఆయన అటూ ఇటూ చూసి, దగ్గు వచ్చినట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక యాలక్కాయ నోట్లో వేసుకున్నారు. నాకు నోరుంటే ఆ క్షణాన అరిచేదాన్ని.

తెరలు తీశారు. నూకరత్నం రెండు పాయింట్లతో గెలిచింది.

"ఏం ఆడారండీ రత్నం గారూ!" అంటూ ఆయన ముందుకి వంగి చెయ్యి కలిపారు.

ఆమె ఆ చెయ్యి వదల్లేదు. "పెట్టెలో యాలకులు మొత్తం ఎన్నండీ?" అంది.

"పన్నెండు."

రెండో చేత్తో బల్ల మీద తడుముతూ లెక్కపెట్టింది. "సంచిలో ఐదు. నావి మూడు. టీచరుగారిది ఒకటి. మీవి రెండు. పదకొండు." ఆగింది. "పన్నెండోది మీ నోట్లో ఉందండి. వాసనొత్తంది."

జెస్సీ టీచరు పకపకా నవ్వబోయి, నూకరత్నం మొహం చూసి ఆగిపోయింది.

"మీ మనసు కష్టపెట్టకూడదని..." విశ్వపతి గారు నీళ్ళు నమిలారు.

"ఆరు వారాల్నించి నాచేత టీ పెట్టించలేదు. నాకు తెలీదనుకున్నారా? ఒళ్ళు కాల్చుకుంటానని మీ భయం. ఇంట్లో రోజూ నేనే వండుతున్నానండి." ఆమె గొంతు తగ్గలేదు. "నా చూపు పోతంది, దానికి నేనేం చెయ్యలేను. నా ఓటమి మాత్రం నాదండి. అదీ మీరే తినేత్తే నాకింకేం మిగుల్తాదండీ?"



"నేనూ తప్పు చేశానక్కా" అంది జెస్సీ టీచరు, జీవితంలో మొదటిసారి మెల్లగా. "వారానికో ఒప్పందం వదిలేశాను."

"సరే. మళ్ళీ పరవండి" అంది నూకరత్నం. "ఈసారి ఎవరైనా కావాలని ఓడేరంటే ఈ గుమ్మం తొక్కను."

మళ్ళీ పరిచారు. అలాంటి ఆట నా మీద అంతకుముందు ఎవరూ ఆడలేదు. విశ్వపతి గారు దయాదాక్షిణ్యం లేకుండా ఆమె ఏడో రేవు మూసేశారు. జెస్సీ టీచరు ఆమె ముక్కు కిందనుంచి దాల్చినచెక్క ఒప్పందం తన్నుకుపోయింది. నూకరత్నం పూసల మీద వేళ్ళు పరుగెత్తిస్తూ ఇద్దరి ఓడల్నీ అడ్డుకుంది, కొత్త దారి తీసింది, చివరి ఎత్తులో ఒక్క ఓడ ఆలస్యంగా నడిపింది. తెరలు తీశాక ఆమే ముందు లెక్క చెప్పింది.

"నేనే ఆఖరు. ఒక్క పాయింటు తేడా."

ఎవరూ ఓదార్చలేదు. ఆమె లేచింది. కుర్చీ వీపు, గోడ, తలుపు రెక్క, ఒక్కొక్కటే తాకుతూ వంటింట్లోకి వెళ్ళింది. లోపల గిన్నె ఒకటి ఠంగుమంది. విశ్వపతి గారు సగం లేచారు. జెస్సీ టీచరు ఆయన ముంజేయి పట్టుకుని కుర్చీలోకి లాగింది. ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. పాలు పొంగే వాసన వచ్చింది, ఆ వెనకే యాలక్కాయ వాసన.

పళ్ళెంలో మూడు కప్పులతో ఆమె వచ్చింది. ఒక చేత్తో నా రేవుల పూసలు తడిమి చోటు చూసుకుని, ఒక కప్పు విశ్వపతి గారి ముందు దించింది. సరిగ్గా నా సముద్రం మీద. కప్పు అడుగున కారిన టీ గుండ్రంగా ఇంకిపోయింది. ఆయన ఆ మరకకేసి చూశారు, రుమాలు కోసం జేబులోకి చెయ్యి పోనిచ్చి, ఊరికే వెనక్కి తీసుకున్నారు. ఒక గుక్క తాగారు.

"పంచదార తక్కువైంది" అన్నారు.

నూకరత్నం ఇన్ని వారాల తర్వాత నవ్వింది. "అయితే వచ్చే వారం మీరే పెట్టుకోండి మరి!"

ఇప్పుడు నేను బీరువాలో ఉండటం లేదు, బల్ల మీదే ఉంటున్నాను. నా జరీ నల్లబడింది. మిరియాలకు పురుగు పట్టకుండా నెలకోసారి ఎండలో పోస్తున్నారు. ఆటపెట్టెలు సేకరించే పెద్దమనిషి ఒకాయన వచ్చి నన్ను చూసి, మంచి వస్తువు పాడైపోయిందని బాధపడి వెళ్ళాడు. నా ఆరో రేవు పక్కన ఆ టీ మరక అలాగే ఉంది. ఆట మధ్యలో విశ్వపతి గారి వేలు అప్పుడప్పుడు దాని మీద ఆగుతుంది.

ఆ మరక పడిన తర్వాతి ఆదివారం, నిజంగానే ఓడి, టీ ఆయనే పెట్టారు.